మధ్యయుగపు ఆస్పత్రిని చూడడం: బ్రూజ్ నుంచి మల్కాపురం వరకు

గత పాఠ్యభాగంలో కాకతీయుల కాలంనాటి చెరువులు, భూదానాలు, పన్నుల గురించి చదివారు. ఈ భాగంలో ఒక్క సంస్థనే తీసుకుని దగ్గరగా పరిశీలిద్దాం. ఆ సంస్థ ఆస్పత్రి. ఇలా ఎందుకు మొదలుపెట్టవలసి వచ్చిందో ముందుగా చెప్పాలి.

అమలాపురంలో ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతి జరుగుతున్నది. యూరప్ మధ్యయుగ నగరాల పాఠం అయిపోవచ్చింది. రాజోలు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని లేచి అడిగింది. ఆమె నర్సు. రాత్రి డ్యూటీ చేసి తరగతికి వచ్చేది. "ఎనిమిది వందల ఏళ్లనాటి ఆస్పత్రులు అక్కడ ఇంకా నిలబడి ఉన్నాయంటున్నారు కదండీ. మనకేమో గుళ్లు తప్ప ఇంకేం లేవేంటండీ?" వెనక వరసలోంచి ఒకాయన వెంటనే, "ఆయ్, మనకి అంతకన్నా ముందే అన్నీ ఉండేవండి, పోయాయంతే" అన్నారు. తరగతి రెండుగా చీలిపోయింది. గంట కొట్టేదాకా వాదన సాగింది. ఆ వాదనలో ఒక్క ఆధారం పేరు కూడా ఎవరి నోటా రాలేదు.

మీరు పరీక్షలో ఏం రాసినా రాయకపోయినా, ఈ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోగలగాలి. అందుకు ముందుగా ఒక యూరప్ ఆస్పత్రిలోకి నడుద్దాం. తరవాత మన నేల మీదికి వద్దాం.

బ్రూజ్‌లో సెయింట్ జాన్ ఆస్పత్రి

బెల్జియం దేశంలో, సముద్రానికి దగ్గరగా, బ్రూజ్ అనే నగరం ఉంది. నగరమంతా కాలువలు, కాలువల మీద వంతెనలు. కోనసీమ వాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. తేడా మాత్రం గుర్తుంచుకోండి. మన కాలువలు ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరవాత పొలాలను తడపడానికి విస్తరించినవి. బ్రూజ్ కాలువలు ప్రధానంగా వర్తకానికి. ఇంగ్లండు నుంచి ఉన్ని వచ్చేది, ఇక్కడి నేతగాళ్ల బట్ట బయటికి పోయేది. వర్తకులు, నావికులు, యాత్రికులు, పనికోసం పల్లెలనుంచి వచ్చిన కూలీలు నిత్యం వచ్చిపోతుండేవారు. ఊరుగాని ఊళ్లో జబ్బుపడితే ఎవరు చూస్తారు? సెయింట్ జాన్ ఆస్పత్రి 12వ శతాబ్దం మధ్యలో ఈ అవసరంలోంచి పుట్టింది.

ఇవాళ అది మ్యూజియం. ఒకవైపు కాలువ, ఎదురుగా మేరీమాత చర్చి ఎత్తైన ఇటుక గోపురం. లోపలికి వెళ్తే మీకు గదులు కనిపించవు. పొడవాటి విశాలమైన హాళ్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పైన ఓక్ కలపతో కట్టిన దూలాలు, వాసాలు. రోగులందరూ ఆ హాళ్లలోనే వరసగా పడుకునేవారు. ప్రార్థనాస్థలం కూడా హాలును ఆనుకునే ఉంటుంది. మంచం మీదనుంచే రోగికి ప్రార్థన వినిపించాలన్నది ఉద్దేశం. యాన్ బేర్‌బ్లాక్ అనే చిత్రకారుడు 1778లో ఈ హాళ్లను బొమ్మగా గీశాడు. పెట్టెల్లాంటి చెక్క మంచాలు, వాటిలో రోగులు, మధ్యలో అటూ ఇటూ తిరిగే సోదరీమణులు అందులో కనిపిస్తారు. కట్టి ఆరువందల ఏళ్లయినా హాలు వాడకం పెద్దగా మారలేదన్నమాట.

ఇక్కడ రోగులను చూసినది ఎవరు? మొదట్లో వైద్యులు కారు. సోదరులు, సోదరీమణులు అని పిలిచే ఒక సమాజం చూసింది. వారికొక నియమావళి ఉండేది. మనకు దొరికిన అతి పాత నియమావళి 1188 నాటిది. ఈ ఆస్పత్రి మీద చర్చితోపాటు నగర పాలకుల అజమాయిషీ కూడా ఉండేది. ఈ సంగతి పక్కన గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

చికిత్స సంగతేమిటి? పక్క, దుప్పటి, వెచ్చదనం, వేళకు తిండి, పాపవిమోచన ప్రార్థన. చాలామందికి దక్కింది ఇంతే. దీన్ని చిన్నచూపు చూడకండి. ఆకలితో, చలితో నీరసించిన మనిషికి పది రోజుల తిండీ పక్కా దొరికితే సగం జబ్బు తగ్గుతుందని మీలో నర్సింగ్ చేసినవారికి ఎవరూ చెప్పనవసరం లేదు. అలాగని స్వర్గంలా ఊహించుకోకండి. పారిస్‌లోని పెద్ద ఆస్పత్రి, హోటెల్ ద్యూలో, 18వ శతాబ్దం చివరిలో కూడా ఒకే మంచం మీద నలుగురేసి రోగులు పడుకున్న సంగతి టెనాన్ అనే వైద్యుడు 1788లో ప్రచురించిన నివేదికలో నమోదు చేశాడు.

బ్రూజ్ ఆస్పత్రిలో చూడవలసిన వస్తువు ఇంకొకటి ఉంది. హాన్స్ మెమ్లింగ్ 1479లో ఆస్పత్రి చర్చికోసం వేసిన బలిపీఠపు చిత్రం. దాని తలుపులు మూసినప్పుడు బయటివైపు నలుగురు కనిపిస్తారు, ఇద్దరు సోదరులు, ఇద్దరు సోదరీమణులు. ఆస్పత్రిని నడిపినవాళ్లు. వారి ముఖాలు మిగిలాయి, పేర్లు కూడా మిగిలాయి. ఆ కాలంలో అక్కడ పడుకున్న వేలమంది రోగుల ముఖాలు మిగల్లేదు. ఆస్పత్రి చరిత్ర రాయబోయేవారికి ఎక్కడైనా ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. డబ్బు ఇచ్చినవారు కనిపిస్తారు, నడిపినవారు కొంత కనిపిస్తారు, మంచం మీద ఉన్నవారు దాదాపు కనిపించరు.

అతిథి, సత్రం, ఆస్పత్రి

మనం రోజూ వాడే 'ఆస్పత్రి' అన్న మాట యూరప్ నుంచి వచ్చిందే. తెలంగాణ వైపు వినిపించే 'దవాఖానా' పారశీకం నుంచి వచ్చింది. యూరప్ మాటకు మూలం లాటిన్‌లో 'హోస్పెస్'. దానికి అతిథి అనీ, అతిథిని ఆదరించేవాడు అనీ రెండర్థాలూ ఉన్నాయి. అంటే ఆస్పత్రి మొదట రోగికోసం పుట్టినది కాదు, దారిన పోయే పరాయివాడి కోసం పుట్టింది. అతనిలో బలహీనుడు, జబ్బుపడ్డవాడు కూడా ఉంటాడు కాబట్టి క్రమంగా రోగులు ప్రధానమయ్యారు.

ఈ మాట కోనసీమవాళ్లకు సులువుగా అర్థం కావాలి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చేవారికి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన కథ మీ ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. బ్రూజ్‌లో కాలువ ఒడ్డున ఆస్పత్రి ఎందుకు వెలిసిందో, రేవు దాటే దారిలో ఆ ఇంటి పొయ్యి ఎందుకు ఆరలేదో, రెండింటికీ కారణం ఒకటే: రాకపోకలు. ఒక తేడా మాత్రం పెద్దది. గన్నవరంలో అన్నదానం ఒక ఇల్లాలి పూనిక మీద, ఒక కుటుంబం ఆస్తి మీద నిలిచింది. బ్రూజ్‌లో ఒక నియమావళి ఉంది, మనుషులు మారినా నడిచే సమాజం ఉంది, తరతరాలుగా దాతలు రాసిచ్చిన భూములు ఉన్నాయి. మొదటిదాన్ని దాతృత్వం అంటాం. రెండోదాన్ని సంస్థ అంటాం. చరిత్రకారుడికి రెండూ కావాలి కానీ, రెండూ ఒకటి కావు.

సంస్థకు ప్రాణం శాశ్వత ఆదాయం. ఫ్రాన్స్‌లోని బోన్ అనే ఊళ్లో 1443లో బుర్గుండీ ఛాన్సలర్ నికొలా రొలాన్, అతని భార్య గిగోన్ పేదరోగుల కోసం ఒక ఆస్పత్రి స్థాపించారు. రంగుల పెంకుల పైకప్పుతో అది ఇవాళ ప్రపంచమంతటినుంచీ యాత్రికులను రప్పిస్తున్నది. ఆ పైకప్పుకన్నా మనకు ముఖ్యమైనవి దాని ద్రాక్షతోటలు. దాతలు ఇచ్చిన తోటల ద్రాక్షసారాను 1859 నుంచి ఏటా బహిరంగంగా వేలం వేసి, ఆ సొమ్మును ఆస్పత్రి పనులకు వాడుతున్నారు. ఆస్పత్రి గోడల మధ్య కాక, ఊరి బయట తోటలో నడుస్తున్నదని చెప్పినా తప్పులేదు.

ఇప్పుడు మన శాసనాలవైపు తిరగండి. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగితే అక్కడినుంచి గుడి ఎంతో దూరం కాదు. ఆ శాసనాల్లో చాలా భాగం అఖండదీపాల గురించి. ఎవరో దాత కొన్ని గొర్రెలనో ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక కాపరికి అప్పగిస్తారు. అతను వాటిని మేపుకుని, ప్రతిరోజూ దీపానికి ఇంత నెయ్యి అని పోయాలి. పశువు ముసలిదైతే దాని పిల్ల ఆ స్థానంలోకి వస్తుంది. లెక్క తగ్గకూడదు. తమిళ శాసనాలు ఇలాంటి గొర్రెలను 'చావనివి, ముసలివి కానివి' అని వర్ణిస్తాయి. అసలు కరగదు, రాబడి మాత్రమే ఖర్చవుతుంది. బోన్ ద్రాక్షతోట, ద్రాక్షారామం గొర్రెలమంద ఒకే ఆర్థిక సూత్రానికి రెండు రూపాలు. ఈ సూత్రం పట్టుబడితే తరవాతి శాసనం సులువుగా అర్థమవుతుంది.

మల్కాపురం శాసనం

అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా విజయవాడ చేరండి. ప్రకాశం బ్యారేజి దాటి కృష్ణ దక్షిణపు ఒడ్డున మందడం వైపు వెళ్లండి. పక్కనే మల్కాపురం. అక్కడ శాసనం చెక్కిన ఒక రాతి స్తంభం ఉంది. శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261 నాటిది. గణపతిదేవుడి పాలన ముగింపుకు వస్తూ, రుద్రమదేవి బాధ్యతలు అందుకుంటున్న సమయం. జయంతి రామయ్య పంతులుగారు ఈ శాసనాన్ని పరిష్కరించి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో ప్రచురించారు.

శాసనంలో ముఖ్యుడు విశ్వేశ్వర శంభువు. గౌడదేశంలోని దక్షిణ రాఢలో పుట్టిన శైవాచార్యుడు, గోళకీ మఠ పరంపరకు చెందినవాడు, గణపతిదేవుడికి గురువు. ఈ మఠానికి మూలస్థానం నర్మదా తీరపు డాహలదేశం. బెంగాలులో పుట్టి, మధ్యభారతపు గురుపరంపరలో చేరి, కృష్ణ ఒడ్డున స్థిరపడిన మనిషి అన్నమాట. మధ్యయుగంలో మనుషులు ఊరు కదలలేదని అనుకునేవారు ఈ ఒక్క జీవితాన్ని చూస్తే చాలు.

గణపతిదేవుడు ఇస్తానన్న మందరం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని రుద్రమదేవి ఆ గురువుకు ధారపోసింది. మందరమే నేటి మందడం. వెలగపూడి అంటే నేటి రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడే. ఏడున్నర శతాబ్దాల తరవాత కూడా ఊళ్ల పేర్లు దాదాపు అలాగే ఉన్నాయి. విశ్వేశ్వర శంభువు అక్కడ ఆలయం, మఠం, సత్రం కట్టించాడు. అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలతో అగ్రహారం ఏర్పరిచాడు. మిగిలిన ఆదాయాన్ని మూడు భాగాలు చేశాడు. ఒక భాగం శివుడికి. రెండో భాగం విద్యార్థులకు, శైవమఠానికి. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 'ప్రసూతిశాల' అన్న మాటను మళ్లీ చదవండి. 1261లో ఒక రాతి మీద, ఒక గ్రామం రాబడిలో కొంత కాన్పులకోసం అని చెక్కారు. ఆ రాబడిని పంచినవాడు ఒక సన్యాసి. దాన్ని ధారపోసినది రాజ్యభారం మోస్తున్న ఒక స్త్రీ. ఈ నిర్ణయంలో ఎవరి ఆలోచన ఎంత అన్నది రాయి చెప్పదు, మనం ఊహించి రాయకూడదు. కానీ మధ్యయుగ సంస్థల చరిత్రలో ఈ మాటకున్న బరువు తక్కువది కాదు.

శాసనం ఉద్యోగుల జాబితా కూడా ఇస్తుంది. వేదాలు చెప్పడానికి ముగ్గురు, పద వాక్య ప్రమాణ శాస్త్రాలు, సాహిత్యం, ఆగమం చెప్పడానికి అయిదుగురు ఉపాధ్యాయులు. ఒక సమర్థుడైన వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. ఇంకా నర్తకీమణులు, వాద్యగాళ్లు, వంటవాళ్లు, గ్రామరక్షకులు. ఎనిమిదిమంది ఉపాధ్యాయులకు ఒక్క వైద్యుడు. అతని పక్కనే లెక్కలు రాసేవాడు. సంస్థ దృష్టి దేనిమీద ఎంత ఉందో ఈ నిష్పత్తి చెబుతుంది. ఆరోగ్యశాల ఈ సముదాయంలో ఒక అంగం మాత్రమే, దాని కేంద్రం ఆలయమూ విద్యా. బ్రూజ్ హాలులో మంచాలకు ఎదురుగా ప్రార్థనాస్థలం ఉండడం గుర్తు చేసుకోండి. అక్కడా ఇక్కడా శరీరానికి చేసే సేవ ఆత్మకు చేసే సేవ నీడలోనే పెరిగింది.

చరిత్ర గ్రంథాల్లో కనిపించే ఈ జాబితాలో మంత్రసాని లేదు. ప్రసూతిశాల ఉంది, కానీ కాన్పు చేసే చెయ్యి కనిపించదు. కాన్పులు మంత్రసానులు చేసే సమాజంలో, ఆ పని ఒక ఉద్యోగంగా లెక్కకు రాలేదని అనుకోవచ్చు. లేదా ఆమె జీతం మరోవిధంగా, ధాన్యం రూపంలో, ఇంటింటి ఆనవాయితీ ప్రకారం అంది ఉండవచ్చు. అమలాపురం తరగతిలో ఈ జాబితా బోర్డు మీద రాసినప్పుడు ఆ నర్సు విద్యార్థిని కొంచెంసేపు చూసి, "డాక్టరుగారున్నారు, గుమాస్తాగారున్నారు, మేమే లేమన్నమాట" అన్నది. ఆ రోజు తరగతిలో నాకు బాగా గుర్తున్న మాట అదే.

సత్రంలో అన్నం విషయానికి వస్తే బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చిన అందరికీ పెట్టాలన్న నియమం ఈ శాసనంలో కనిపిస్తుంది. విద్యార్థులు ఉత్సాహంలో తరచుగా ఒక పొరపాటు చేస్తారు. అన్నం గురించి చెప్పిన మాటను తెచ్చి ఆరోగ్యశాలకు అతికించి, 'కాకతీయుల ఆస్పత్రుల్లో కులభేదం లేదు' అని రాస్తారు. ఒక నియమం దేనిగురించి చెప్పారో దానికే పరిమితం చేసి చదవాలి. అందరికీ అన్నం పెట్టమని చెప్పవలసి వచ్చిందంటేనే, చెప్పకపోతే పెట్టని సమాజం అది. పైగా అదే శాసనంలో విప్రసత్రం అని మరో మాట కూడా ఉంది.

పదిహేను మంచాలు

మల్కాపురం ఒంటరి ఉదాహరణ కాదు. దానికి దాదాపు రెండు శతాబ్దాల ముందే తమిళదేశంలో పాలారు, వేగవతి, చెయ్యారు కలిసే తిరుముక్కూడల్‌లో వీరరాజేంద్ర చోళుడి శాసనం ఇంకా వివరంగా మాట్లాడుతుంది. విష్ణ్వాలయాన్ని ఆనుకుని ఒక వేదపాఠశాల, వసతిగృహం, ఆస్పత్రి. ఆస్పత్రిలో పదిహేను మంచాలు. ఒక వైద్యుడు, ఒక శస్త్రచికిత్సకుడు, మూలికలు తెచ్చి మందులు కాచే ఇద్దరు మగవాళ్లు, రోగులకు సేవచేసే ఇద్దరు స్త్రీలు, ఒక మంగలి. వైద్యుడికి ఏడాదికి 90 కలాల ధాన్యం, 8 కాసులు. శస్త్రచికిత్సకుడికి 30 కలాలు. కత్తి పట్టినవాడికి, నాడి పట్టినవాడికి మధ్య ఉన్న అంతస్తు ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు. నిలవ ఉంచవలసిన ఇరవై దాకా మందుల పేర్లు కూడా ఉన్నాయి. దశమూల హరీతకి, కల్యాణక లవణం, పాతబడిన నెయ్యి అనే పురాణ ఘృతం వాటిలో కొన్ని. కొన్ని పేర్లు మీ ఊరి ఆయుర్వేద దుకాణంలో అడిగినా తెలుస్తాయి. రాత్రంతా వెలగడానికి ఒక దీపానికి నూనె కూడా కేటాయించారు. రాత్రి డ్యూటీ చేసినవారికి ఆ దీపం విలువ తెలుసు.

అయితే ఈ పదిహేను మంచాలు ఆ సంస్థలో చదువుకునేవారికి, పనిచేసేవారికి ఉద్దేశించినవి. ఊరివాళ్లందరి ఆస్పత్రి అని చదవకండి. వీరరాజేంద్రుడి తరవాత కొద్దికాలానికే, 1070లో, రాజరాజనరేంద్రుడి కొడుకు, వేంగీ రాకుమారుడు, కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. మన గోదావరి డెల్టాకూ ఆ తమిళ సంస్థల ప్రపంచానికీ మధ్య గోడలు లేవు.

ఊరు ఒక వైద్యుడికి

మరి గోదావరి ప్రాంతంలోనే ఆధారం ఏమన్నా ఉందా? ఉంది. కానీ దాని రూపం వేరు. శక 1345, క్రీ.శ. 1423లో రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యపు రాణి అనితల్లి ఒక రాగిరేకు శాసనం వేయించింది. ఆమె కాటయవేమారెడ్డి కూతురు, వీరభద్రారెడ్డి భార్య. కలువచేరు శాసనం అన్న పేరుతో మీరు దీన్ని ఇదివరకే విని ఉంటారు. కాకతీయ రాజ్యం పడిపోయిన తరవాత ప్రోలయనాయకుడు, కాపయనాయకుడు, డెబ్బైఅయిదుమంది నాయకులు చేసిన పోరాటానికి అది ముఖ్యమైన ఆధారం. పరీక్షల్లో అడిగేది కూడా ఆ భాగమే. అందువల్ల చాలామంది శాసనం చివరిదాకా చదవరు. ఇంతకీ ఆ గ్రామాన్ని రాణి ఎవరికి ఇచ్చింది? పరహితాచార్యుడనే వైద్యుడికి.

ఇది ఆస్పత్రి కాదు. గోడలు లేవు, మంచాల లెక్క లేదు, లెక్కలు రాసే గుమాస్తా లేడు. ఒక వైద్య కుటుంబానికి ఒక ఊరి రాబడి. రోగి వైద్యుడి ఇంటికి వస్తాడు, లేదా వైద్యుడు రోగి ఇంటికి వెళ్తాడు. విద్య తండ్రినుంచి కొడుక్కి వెళ్తుంది, మాన్యం కూడా దానివెంటే వెళ్తుంది. ఇంటిపట్టున వైద్యం జరిగే సమాజంలో రాజు గానీ రాణి గానీ ప్రజల ఆరోగ్యం మీద ఖర్చు పెట్టాలంటే భవనం కట్టడంకన్నా వైద్యుణ్ణి ఊళ్లో నిలబెట్టడమే సహజమైన పద్ధతి అయి ఉండవచ్చు. అలా ఆలోచిస్తే, మధ్యయుగపు ఆస్పత్రి కోసం వెతుకుతూ భవనాలను మాత్రమే లెక్కపెట్టడం తప్పవుతుంది. బ్రూజ్‌లో అది ఒక హాలు. మల్కాపురంలో ఒక గ్రామ ఆదాయంలో వాటా. కలువచేరులో ఒక మనిషి.

గోడలు ఎందుకు మిగల్లేదు

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. అక్కడ భవనం ఉంది, ఇక్కడ లేదు. ఎందుకు?

మీ ఊళ్లో రెండు వందల ఏళ్లు దాటిన కట్టడాలు ఎన్నున్నాయో వేళ్లమీద లెక్కపెట్టండి. దేవాలయం, ఎక్కడన్నా ఒక మండపం, అంతకుమించి ఏదీ తేలదు. ఒండ్రునేల మీద మట్టిగోడ, తాటాకు కప్పు, కలప స్తంభాలతో కట్టినది ఎన్ని వానలకు ఆగుతుంది? 1996 నవంబరు తుపాను ఒక్క రాత్రిలో కోనసీమ కొబ్బరితోటలను ఏంచేసిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. మన దగ్గర రాతితో కట్టినది దేవుడికి మాత్రమే. మనుషులు ఉండే చోట్లను, రాజుల నగరులను సైతం, ఎక్కువగా కలపతో, ఇటుకతో, మట్టితో కట్టారు. కాబట్టి మిగిలినవి గుళ్లు కావడం వల్ల ఉన్నవి గుళ్లేనని తేలదు. రాయి మిగిలిందని తేలుతుంది, అంతే.

కానీ ఇదొక్కటే కారణమని సరిపెట్టుకుంటే అది కూడా సాకే అవుతుంది. బ్రూజ్ ఆస్పత్రి నిలబడడానికి అసలు కారణం ఇటుక కాదు. అది 1970ల వరకు ఆస్పత్రిగానే నడిచింది. వాడుకలో ఉన్న ఇంటికి కప్పు మారుస్తారు, వాడని ఇల్లు కూలిపోతుంది. రాజవంశాలు మారినా, మతకలహాలు వచ్చినా, ఫ్రెంచి విప్లవసేనలు వచ్చిపోయినా, ఆ నగరానికి ఆ ఆస్పత్రి అవసరం పోలేదు. దాన్ని చూసుకునే నగరపాలన కూడా ఏదో ఒక రూపంలో కొనసాగింది. మల్కాపురం సంస్థకు ఆధారం ఒక రాజవంశం భక్తి, ఒక గురువు ప్రతిష్ఠ. కాకతీయ రాజ్యం 1323లో పడిపోయింది. శాసనం వేసిన అరవైరెండేళ్లకే రాజపోషణ అన్న స్తంభం విరిగింది. రాతి మీద 'ఆచంద్రార్కం' అని రాసుకున్నా, దాన్ని అమలుచేయడానికి రోజూ ఒక చెయ్యి కావాలి. వెనక వరసలో కూర్చుని 'మనకి అన్నీ ఉండేవి' అన్న పెద్దాయనకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే: ఉన్నాయి, ఆధారం ఉంది. కానీ ఎన్ని ఊళ్లకు, ఎంతమందికి, ఎన్నాళ్లపాటు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా 'అన్నీ' అన్న మాట చరిత్రలో వాడకూడదు.

మీరు చేయవలసిన పని

కొత్తపేట దగ్గర పలివెలలో ఉమా కొప్పులింగేశ్వరాలయం ఉంది. అక్కడ కొప్పుల నాయకుల, రెడ్ల కాలపు శాసనాలు ఉన్నాయి. రాజోలు, అమలాపురం వైపువారికి ద్రాక్షారామం దూరమనిపిస్తే ఇక్కడికి వెళ్లండి. ఏ శాసనమైనా ఒకటి తీసుకోండి. లిపి చదవలేకపోయినా ఫరవాలేదు, ప్రచురితమైన శాసన సంపుటాల్లో దాని పాఠం చూడవచ్చు. దాత ఎవరు, ఏం ఇచ్చారు, ఆ అసలు తరగకుండా ఎవరు చూడాలి, రాబడి ఎవరికి చేరాలి అన్న సంగతులు మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రాబడి చేరవలసినవారి పేరుగానీ ముఖంగానీ శాసనంలో ఎక్కడైనా ఉందేమో ప్రత్యేకంగా వెతకండి.

ఆ తరవాత మీ ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఊళ్లో వైద్యుడికి ఎప్పుడైనా మాన్యం ఉండేదా, సత్రానికి రాసిచ్చిన పొలం ఉండేదా, అది ఇప్పుడు ఎవరి సాగులో ఉంది? మీ అమ్మమ్మ కాన్పు చేసిన మంత్రసాని పేరు ఏమిటో కూడా అడిగి, ఆ పేరు మీ చేతిరాతతో రాసి వచ్చే కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.